తుర్గునోయ్ పట్టిన గ్రహశకలం

తుర్గునోయ్‌ని మొదటిసారి కలిసినవాళ్ళు ఆమెకి చెవుడేమో అనుకుంటారు. పిలిస్తే ఉలకదు, పలకదు. కాసేపటికి లేచి, మనకి టీ పోసి, రొట్టె తుంచి ముందు పెట్టి, అప్పుడు తీరిగ్గా మనం అడిగినదానికి జవాబు చెబుతుంది. ఈలోగా ఏమడిగామో మనకే గుర్తుండదు. నాదేమో ముక్కు మీద కోపం. మా కొండమీది అబ్జర్వేటరీలో ఆమెది పలకల గది, నాది పక్కనే చీకటి గది. ఏళ్ళ తరబడి అలా పక్కపక్కన ఎలా నెగ్గుకొచ్చామని అడుగుతారేమో. నా కోపమంతా ఓపిగ్గా కూర్చుని వినే మనిషి ఆ కొండ మీద ఇంకొకరు లేరు.

ఆమె పేరుకి ఉండిపోయేది అని అర్థం. మా ఉజ్బెకుల్లో ఒక బిడ్డ పోయిన ఇంట్లో తర్వాత పుట్టినదానికి ఇలాంటి పేరే పెడతారు. వాళ్ళింట్లో అంతటితో ఊరుకోలేదు. పుట్టిన రోజునే కిటికీలోంచి పక్కింటావిడ చేతికిచ్చేసి, "ఇది మా పిల్ల కాదు" అని నలుగురికీ వినపడేలా అని, జల్లెడెడు తవుడిచ్చి మళ్ళీ కొనుక్కున్నారు. నాకు ఒళ్ళు మండినప్పుడల్లా "తవుడికి కొన్న మొహమా!" అని తిట్టేదాన్ని.

"అవునే, ధర బాగానే పలికాను," అనేది, కన్ను యంత్రం మీంచి తీయకుండా.

ముందు పోయింది కూడా ఆడపిల్లే. వాళ్ళమ్మ అనోర్‌ఖోన్ పెద్దమ్మ ఆ పిల్లకి సబో అని పెడదామనుకుంది. తెల్లవారుజామున వీచే చల్లగాలిని అలా అంటారు. పెద్దవాళ్ళు వచ్చి బిడ్డ చెవిలో పేరు పిలిచే రోజు రాకముందే పిల్ల పోయింది. బిడ్డ కోసం ఏడ్చి ఏడ్చి ఆవిడ ఎప్పటికో తేరుకుంది గానీ, పేరు పిలవకుండా పంపించేశానన్న బాధ మాత్రం ఆవిడని వదల్లేదు. చుట్టాల్లో ఎవరో తమ మనవరాలికి సబో అని పెట్టబోతే గుమ్మంలో నిలబడి గొడవ పెట్టుకుంది. "అది ఒకరికి అనుకున్న పేరు. ఇంకోటి చూసుకోండి" అని ఒకటే మాట. వాళ్ళు భయపడి ఇంకోటి చూసుకున్నారు.

పలకల గదిలో పని ఇలా ఉండేది. రాత్రిపూట కుర్రాళ్ళు టెలిస్కోపుకి గాజు పలక తగిలించి ఆకాశంలో ఒక ముక్కని ఫోటో తీస్తారు. కాసేపాగి అదే ముక్కని ఇంకో పలక మీద తీస్తారు. పొద్దున్నే నేను వాటిని మందునీళ్ళలో కడిగి ఆరబెడతాను. తుర్గునోయ్ రెండు పలకల్నీ యంత్రంలో పెట్టి కన్ను ఆనించి కూర్చుంటుంది. యంత్రం ఈ పలకనీ ఆ పలకనీ టకటకా మార్చి చూపిస్తుంది. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి. వేల చుక్కల్లో ఎక్కడో ఒక్క చుక్క అటూ ఇటూ గంతేస్తుంది. అది గ్రహశకలం, సూర్యుడి చుట్టూ తిరిగే ఒంటరి రాయి. దాన్ని పట్టడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. కదలకుండా కూర్చోగలగాలి. కూర్చోవడంలో తుర్గునోయ్‌ని మించినవాళ్ళు లేరు.

మొదట్లో ఆమె పట్టిందల్లా పాతదే. కొత్తగా చేరినప్పుడు ఒక గంతు చూసి రోజంతా టీ కూడా తాగకుండా తిరిగింది. తీరా చూస్తే అది గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామల్లో ఒకటి. మా తాతల కాలంలోనే ఎవరో చూసేశారు. "గురుడికి చందమామ ఉందని కనిపెట్టింది మా తుర్గునోయ్" అని వంటమనిషి దాకా అందరూ ఏడిపించారు. తర్వాత పట్టినవన్నీ అంతే. ఏది కొత్తదో ఏది పాతదో తేల్చే లెనిన్‌గ్రాడ్ ఆఫీసుకి రాయడం, అక్కణ్ణించి "ఇది క్రైమియా అబ్జర్వేటరీవాళ్ళు ముందే చూశారు, ధన్యవాదాలు" అని జవాబు రావడం. ఆ ధన్యవాదాలు చదివినప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆమె మాత్రం కాగితం మడిచి సొరుగులో పెట్టి ఇంకో జత పలకలు ఎక్కించేది.

మా పెద్ద యోద్‌గోర్ దొమ్లా. దొమ్లా అంటే గురువుగారు. ఎండాకాలంలో కూడా టై కట్టుకుంటాడు. పెద్ద లెక్కల మనిషి. ఏ రాయి ఎప్పుడు ఎక్కడుంటుందో కాగితం మీద లాగి పారేస్తాడు గానీ, టెలిస్కోపు ముట్టుకుని ఎన్నాళ్ళయిందో ఆయనకే తెలీదు. ఒకరోజు టీ దగ్గర మాటల్లో చెప్పాడు. కొత్త శకలాన్ని ఎవరు ముందు పడితే, దాని దారి తేలి నంబరు వచ్చాక, పేరు పెట్టే హక్కు వాళ్ళదేనని.

"ఏ పేరైనా పెట్టొచ్చా దొమ్లా?" అంది తుర్గునోయ్. ఆమె వెంటనే నోరు తెరవడం అదే మొదటిసారి.

"నీ ఇష్టం తల్లీ. నీ మేక పేరు పెట్టుకున్నా అడిగేవాళ్ళు లేరు."

ఆ సాయంత్రం కొండ దిగుతూ, "సబో అని పెడతానే మలోహత్. అమ్మ ఉండగానే పెట్టాలి," అంది నాతో. అప్పటికే పెద్దమ్మకి ఆయాసం. మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడేది. కూతురు ఆ సంగతి ఇంట్లో చెప్పిందేమో, రోజూ సాయంత్రం గుమ్మంలోనే ఎదురొచ్చి, "దొరికిందా?" అనేది. తప్పిపోయిన గొర్రె గురించి అడిగినట్టే.

ఒక సెప్టెంబరులో దొరికింది. పొద్దున్న నేను పలకలు ఇచ్చి వచ్చాను. కాసేపటికి చీకటి గది తలుపు ఎవరో తట్టారు. తుర్గునోయ్ పని మధ్యలో లేచి రావడమా! వెళ్ళి కన్ను ఆనించి చూశాను. మిణుకుమంటూ చిన్న చుక్క, గంతేస్తోంది. దొమ్లా వచ్చి చూశాడు. పాత శకలాల లెక్కలన్నీ తిరగేశాడు. ఆ చోట ఉండాల్సింది ఏదీ లేదు.

"కొత్తదే," అన్నాడు. మేం ఎగిరి గంతేసేలోపే చెయ్యెత్తి ఆపాడు. "ఒక్క రాత్రి చాలదు. ఇంకో రెండు రాత్రుల ఫోటోలు కావాలి. లేకపోతే ఎటు పోతోందో చెప్పలేం. ఒకసారి తప్పిపోతే మళ్ళీ దొరకదు. ఇంకెవరి కంటైనా పడితే అది వాళ్ళదే."

"ఈ రాత్రే తీయిద్దాం దొమ్లా," అంది తుర్గునోయ్.

ఆ మధ్యాహ్నమే పత్తి లారీ వచ్చి ఆగింది.

సెప్టెంబరు వస్తే మా దగ్గర బడీ లేదు, ఆఫీసూ లేదు. అందరూ పత్తి చేలోకి నడవాల్సిందే. అబ్జర్వేటరీ అయితే ఏంటి, అందులోవాళ్ళకీ చేతులుంటాయిగా. ఏడాదిలో ఆకాశం తళతళలాడేది ఆ నెలల్లోనే, మేం నడుం వంచి నేలకేసి చూసేదీ ఆ నెలల్లోనే. ఏటా వారం ముందు చెప్పేవాళ్ళు, ఈసారి వానలొస్తాయన్న భయంతో ఉన్నపళాన ఎక్కమన్నారు. ఫోటోలు తీసే కుర్రాళ్ళని ముందే ఎక్కించేశారు. తుర్గునోయ్ లారీ దగ్గరికి వెళ్ళి పత్తి ఏరే బ్రిగేడ్‌కి, అంటే మా ముఠాకి, పెద్ద అయిన నోర్మత్ ముందు నిలబడింది.

"నోర్మత్ అన్నా, ఒక్కణ్ణి వదిలెయ్యి. రెండు రాత్రులు ఫోటో తీసి వచ్చేస్తాడు."

"దేని ఫోటో?"

"ఆకాశంలో ఒకటి దొరికింది."

"చెల్లీ, నక్షత్రాలు వెయ్యేళ్ళ నుంచీ అక్కడే ఉన్నాయి. ఇంకో నెల ఉండలేవా? వాన పడితే పోయేది పత్తి."

"ఇది నక్షత్రం కాదన్నా. ఇది పోతుంది."

నోర్మత్ చెడ్డవాడేం కాదు. తల గోక్కున్నాడు, ఆకాశంకేసి చూశాడు, పట్టపగలు అక్కడేం కనబడుతుంది! "ఎక్కమ్మా," అన్నాడు. ఎక్కింది.

చేలో ఆమె ధ్యాసంతా పైనే. పత్తి కాయ వొలుస్తూ వొలుస్తూ ఆగిపోయేది. "ఈపాటికి ఎంత జరిగిందో," అనేది. మళ్ళీ వొలిచేది. అన్నం దగ్గర కూర్చుంటే చెంచా గిన్నెలోనే ఉండేది. రోజులు గడుస్తున్నాయి, ఆకాశంలో మబ్బు తునక లేదు. అంత మంచి ఆకాశాన్ని చూసి అంతగా తిట్టుకున్నది నేనే అయ్యుంటాను.

ఇంక తట్టుకోలేక దొమ్లా దగ్గరికి వెళ్ళాను. టై మీద అప్రాన్ లాంటి పత్తి సంచి కట్టుకుని సాలు మధ్యలో బిక్కమొహం వేసుకుని నిలబడి ఉన్నాడు.

"మీరెళ్ళి తీయండి దొమ్లా."

"ఎలా వెళ్ళమంటావు తల్లీ? వదలరుగా."

"అబద్ధం చెప్పండి. నడుం పట్టేసిందనండి."

"నాకు అబద్ధాలు రావు."

"ఇంత వయసొచ్చింది, ఇంకెప్పుడు నేర్చుకుంటారు?"

ఆయన మళ్ళీ పత్తి కాయ మీదికి వంగాడు. మర్నాడు మధ్యాహ్నం మాత్రం, అబ్బో! సాలులో బొక్కబోర్లా పడి పెట్టిన కేకకి పక్క బ్రిగేడ్ వాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు. లేపబోతే ఇంకో కేక. నాటకమని తెలిసిన నేనే సంచి పారేసి పరిగెత్తాను. ఏమీ తెలియని తుర్గునోయ్ నిజంగానే ఏడ్చేసింది. ఉప్పు వేయించి మూటకట్టి, తన శాలువాతో ఆయన నడుముకి బిగించింది. నోర్మత్ హడలిపోయి, గోతాలు తీసుకెళ్ళే లారీలో పడుకోబెట్టి పంపించేశాడు. లారీ కదులుతుంటే దొమ్లా గోతాల మధ్య నుంచి తలెత్తి నావైపు చూసి కన్ను కొట్టాడు. అంత పెద్దమనిషి కన్ను కొట్టడం చూసి ఎటు చూడాలో తెలీక చెట్టుకేసి చూశాను. ఆయన వంతు పత్తి మేమే పంచుకుని ఏరాం.

తర్వాత తుర్గునోయ్‌కి అసలు సంగతి చెవిలో చెప్పాను. ఆమె పరుపు మీద వాలి, లారీ ఎక్కిన నాటి నుంచీ లేని నిద్ర అంతా ఒక్కసారే పోయింది.

చలి వానలు మొదలయ్యాక మమ్మల్ని వదిలారు. దొమ్లా మెట్ల మీదే ఎదురొచ్చాడు. "రెండు రాత్రులు తీశాను. కడగడం నావల్ల కాదు, నల్ల కాగితంలో చుట్టి పెట్టాను," అన్నాడు. నేను బూట్లు కూడా విప్పకుండా చీకటి గదిలో దూరాను. పలకలు బాగానే వచ్చాయి, కాస్త మసకగా ఉన్నాయంతే. ఆరగానే ఇచ్చాను. తుర్గునోయ్ యంత్రంలో పెట్టింది. దొమ్లా, నేనూ ఆమె వెనకాల నిలబడ్డాం.

చూసింది. పక్కకి జరిపి చూసింది. మళ్ళీ మొదటికొచ్చింది. చివరికి కన్ను తీసింది.

"ఇది మన ఆకాశం కాదు దొమ్లా."

"అదేంటి? అదే చోటికి తిప్పాను. ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను!"

"ఆ పాత పలకలో ఉన్న చుక్కలు ఇందులో లేవు. ఒక్కటీ కలవడం లేదు. మీరు ఇంకెక్కడికో తిప్పారు."

దొమ్లా మొహం పాలిపోయింది. కుర్చీలో కూలబడ్డాడు. తుర్గునోయ్ ఆయనకి టీ పోసింది, సగం సాసర్లోనే ఒలికింది. "పోన్లెండి. నేల మీద పడి అంత కష్టపడ్డారు మాకోసం," అంది. ఆపైన గోడవైపు తిరిగి, "సాయంత్రం అమ్మ అడుగుతుంది," అని మాత్రం అంది. నాకు ఏడుపు రావాల్సిన చోట కోపం వస్తుంది. ఆ కోపం దొమ్లా మీదికి మళ్ళింది.

"అసలు పలక ఎలా ఎక్కించారో మొదటినుంచీ చెప్పండి!"

"అందరూ ఎక్కించినట్టే. దీపం ఆర్పాను. పలక తీశాను. పెదవికి ఆనించి చూశాను..."

చీకట్లో పలకకి మందు పూసిన వైపు ఏదో, వట్టి గాజు ఏదో తెలుసుకోవాలంటే మాకు అదొక్కటే దారి. ఒక మూల తడి పెదవికి ఆనిస్తే మందు వైపు అతుక్కుంటుంది, గాజు వైపు జారిపోతుంది. టెలిస్కోపులో మందు వైపు ఆకాశంకేసి ఉండాలి.

"ఏ వైపు అతుక్కుంది?"

"రెండు వైపులా అతుక్కుంది," అన్నాడు దొమ్లా. "నాకూ వింతగానే ఉంది."

"రెండు వైపులా ఎలా అతుక్కుంటుంది? మా పెదాలకి అతుక్కోదే! మీ నోట్లో ఏముంది అప్పుడు?"

దొమ్లా కిటికీలోంచి కొండకేసి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. నేను వదల్లేదు.

"కొంచెం నాస్," అన్నాడు చివరికి.

నాస్ అంటే మా మగవాళ్ళు పెదవి కింద కుక్కుకునే పచ్చటి పొగాకు పొడి. ఊళ్ళో గొర్రెల కాపర్ల నుంచి నోర్మత్ దాకా అందరూ వేస్తారు. కానీ యోద్‌గోర్ దొమ్లా! అది వేసేవాళ్ళని నిలబెట్టి క్లాసు పీకే మనిషి!

"చేలో వాళ్ళు అలవాటు చేశారు తల్లీ. చలికి బాగుంటుందన్నారు. నా భార్యకి చెప్పకండి."

పెదవి నిండా ఆ జిగురుంటే రెండు వైపులేం ఖర్మ, గోడకి ఆనించినా అతుక్కుంటుంది. నాకు నవ్వాగలేదు. "మొదట పెదవికి ఆనింది ఏ వైపైతే అదే పైకి పెట్టేశారా?" అన్నాను.

ఆ ప్రశ్న వినగానే దొమ్లా చటుక్కున లేచి నిలబడ్డాడు, కళ్ళు పెద్దవి చేసుకుని. "పలక తిరగబడింది! ఆకాశం అదే, అద్దంలో చూసినట్టు కుడిఎడమలు మారిపోయాయి. అందుకే చుక్కలు కలవలేదు. తుర్గునోయ్, తిప్పి పెట్టు! గాజు పైకి!"

ఆమె పలకలు తీసి తిప్పి పెట్టింది. కన్ను ఆనించింది. ఈసారి మేం ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. టకటక, టకటక. యంత్రం చప్పుడొక్కటే.

"ఉంది," అంది.

"ఏదీ? ఎక్కడ?"

"గంతేస్తోంది. మసకగా ఉంది గానీ అదే. రెండో రాత్రి పలకలు ఇవ్వండి." వాటినీ తిప్పి పెట్టింది. "ఇందులోనూ ఉంది. ఇటు జరిగింది."

హమ్మయ్య అనుకున్నాను. అనుకోవడమేంటి, పైకే అన్నాను. కొండ కింద కూరగాయలవాడికి కూడా వినిపించి ఉంటుంది. దొమ్లా టై వదులు చేసుకుని, బల్ల మీద తల ఆనించి, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలీకుండా ఉండిపోయాడు. నేను తుర్గునోయ్‌ని కుర్చీతో సహా వాటేసుకున్నాను. ఒళ్ళంతా తేలికైపోయింది. ఆ మధ్యాహ్నం ముగ్గురం ఏం తిన్నామో గుర్తులేదు. రొట్టె, ద్రాక్ష అయ్యుంటాయి. అంత రుచిగా మళ్ళీ ఎప్పుడూ తినలేదు.

సాయంత్రం పెద్దమ్మ గుమ్మంలో ఎదురొచ్చి "దొరికిందా?" అంది.

"దొరికిందమ్మా."

ఆవిడ గోడ పట్టుకుని నెమ్మదిగా అరుగు మీద కూర్చుంది. "ఎలా ఉంది?" అంది. తుర్గునోయ్ నావైపు చూసింది. "బాగుంది పెద్దమ్మా, చురుగ్గా ఉంది," అన్నాను నేనే. చాలనిపించింది ఆవిడకి.

లెనిన్‌గ్రాడ్ నుంచి ఈసారి ధన్యవాదాలు రాలేదు, అభినందనలు వచ్చాయి. అయినా నంబరు రావడానికి ఏళ్ళు పట్టింది. అది భూమికి దగ్గరగా వచ్చినప్పుడల్లా మళ్ళీ మళ్ళీ కనిపించాలి, దారి గట్టిగా తేలాలి. దొమ్లా చెప్పిన చోటే అది కనిపిస్తూ వచ్చింది, ప్రతిసారీ తుర్గునోయే చూసింది. పెద్దమ్మ ఆయాసం పెరిగింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది. "నేనెక్కడికీ పోను, ఆ కాగితం రానీ," అని మొండికేసేది. కూతురికి ఆ మొండితనం ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది నాకు.

కాగితం వచ్చింది. సబో అన్న పేరు ఒప్పుకున్నారు. నేను ఆ పలకని పెద్ద కాగితం మీద ఫోటోగా వేసి, చుక్క చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, దొమ్లాని కూడా వెంటబెట్టుకుని తీసుకెళ్ళాను. పెద్దమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఎర్ర సున్నా మీదికి వంగి, పెదవులు దాదాపు ఆనించి, "నీ పేరు సబో," అంది. మూడుసార్లు అంది. బిడ్డ చెవిలో అన్నంత మెల్లగా. దొమ్లా టోపీ తీసి పక్కకి తిరిగాడు. నేను మాత్రం తిరగలేదు, ఎదురుగానే నిలబడి ఏడ్చాను.

ఆ ఏడు వసంతంలో పక్కింటికి కొత్తకోడలు వచ్చింది. ఆచారం ప్రకారం పెద్దమ్మకి నమస్కారం పెట్టడానికి వచ్చి, తలవంచుకుని, అందరూ అడిగేదే అడిగింది.

"పిల్లలెంతమంది పెద్దమ్మా?"

అడిగినవాళ్ళకి ఏళ్ళ తరబడి "ఒక్కతే" అని చెప్పిన మనిషి. ఈసారి తడుముకోలేదు.

"ఇద్దరు. పెద్దది సబో, దూరాన ఉంటుంది. ఇదిగో, ఇది చిన్నది."

"వస్తూ ఉంటుందా పెద్దమ్మా?"

"ఏడాదికీ ఏడాదిన్నరకీ ఒకసారి దగ్గరికొస్తుంది," అంది పెద్దమ్మ. "చెల్లెలు చూసొచ్చి ఎలా ఉందో చెబుతుంది నాకు."